కోత పండుగ మూటలు: పల్లె పాస్టరు ఇంట్లో ఏడాది సరుకు

పల్లె క్రైస్తవ సంఘానికి వచ్చే అయ్యగారి, అంటే పాస్టరు, కుటుంబం జీతం తక్కువని తెలిసే వస్తుంది. వచ్చాక తికమక పెట్టేది సరుకు. ఏడాదిలో చాలా నెలలు చింతపండుకు కూడా అంగడికి పంపాల్సిందే. పంటలో కొంత గుడికి, అంటే చర్చికి, కానుకగా తెచ్చే కోత పండుగ ఆదివారం సాయంత్రానికి మాత్రం వరండాలో కాలు పెట్టే సందుండదు. వేరుశనగ మూటలు, రాగులు, కందులు, బెల్లం దిమ్మెలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, ఎవరో దించిపోయిన టమాటా పెట్టె. ఆ రాత్రి, మర్నాడు చేసే పనిని బట్టే ఆ సరుకు జూన్ దాకా వస్తుందా, సంక్రాంతికే పెంటకుప్పకు పోతుందా అన్నది తేలుతుంది.

ఇక్కడ రాసింది చిత్తూరు, తిరుపతి వైపు పల్లెలకు సరిపోయే పద్ధతి. పడమటి ఊళ్ళలో రాగులు, టమాటా ఎక్కువ వస్తాయి, తూర్పున వరి, మధ్యలో చెరకు, మామిడి, వేరుశనగ దాదాపు అన్ని చోట్లా.

ముందు ఎవరిదో తేల్చుకోవాలి

ఆరాధనలో ముందుకు తెచ్చి పెట్టింది సంఘానిది. ఇంటి గుమ్మంలో పాస్టరు భార్య అయిన అమ్మగారి చేతికిచ్చింది ఇంటిది. చెప్పుకోవడానికి ఇంతే, చిక్కు మాత్రం వరండాలో వస్తుంది. మామ మూట దించి "అమ్మగారూ, మీకే" అంటాడు. కోడలు అదే మూటను గుడికిచ్చామని ఊళ్ళో చెప్పుకుంటుంది. మూడు నెలల తర్వాత కమిటీలో ఆ మూట మాట లేస్తుంది. అందుకని మూట భుజం మీదుండగానే అడగండి: "అన్నా, ఇది గుడికా, ఇంటికా?" ఈ ఒక్క మాట అడగడానికి మొహమాటపడే ఇళ్ళలోనే తర్వాత తగవులొస్తాయి.

రెండు నోటుపుస్తకాలు పెట్టుకోవాలి, ఒకటి గుడికి, ఒకటి ఇంటికి. గుడి పుస్తకంలో తేదీ, ఇచ్చినవారి పేరు, సరుకు, తూకం, ఆఖరికి ఏమైంది అని అయిదు గడులు చాలు. ఈ అయిదో గడిని చాలామంది వదిలేస్తారు. వేలం వేశాం, నూనె ఆడించాం, విందుకు వాడాం, పాడైతే పారేశాం, ఏదైనా సరే అక్కడ పడాలి. పారేసింది రాయకపోతే తిన్నారనే అనుకుంటారు.

కొలత పడి అనే కొలపాత్రతో వద్దు. ఒక్కో ఇంటి పడి ఒక్కో కొలత, పైగా పడి రాగులకూ పడి వేరుశనగ కాయకూ తూకంలో పోలికే లేదు. కొక్కెం తగిలించే తూనిక ఒకటి ఇంట్లో ఉంచుకుంటే సరి. పచ్చి సరుకును రెండుసార్లు తూచాలి, వచ్చినప్పుడోసారి, ఎండాక ఇంకోసారి. పొలం నుంచి నేరుగా వచ్చిన 40 కిలోల పచ్చి వేరుశనగ ఎండాక 30 కిలోల లోపుకు దిగిపోతుంది. పుస్తకంలో 40 అని మాత్రమే ఉంటే మిగతా పది కిలోలకు జవాబు చెప్పుకోవాల్సింది ఇంట్లోవాళ్ళే.

డయోసిస్, అంటే బిషప్పు కింది సంఘాల మండలం, జీతమిచ్చే సంఘాల్లో కోత కానుక పాస్టరేటు (ఒక పాస్టరు కింద ఉండే సంఘాలన్నీ) లెక్కలోకి పోతుంది. అందులో అయ్యగారింటికి ఏదైనా ఇవ్వాలనుకుంటే కమిటీ ముందే తీర్మానం రాసుకోవాలి: ఇన్ని కిలోల బియ్యం, ఇన్ని కిలోల పప్పు అని. ఏ డయోసిస్‌లోనూ లేని స్వతంత్ర సంఘాల్లో తరచుగా ఇలాంటి లెక్క పుస్తకాలు ఉండవు కాబట్టి అక్కడ ఈ తీర్మానం ఇంకా అవసరం. పండుగకు ముందైతే అయిదు నిమిషాల పని.

వేలం పాట

ఎక్కువ రోజులు నిలవనివన్నీ ఆరోజే వేలానికి పోవాలి: టమాటా, ఆకుకూరలు, అరటి గెల, కోడిగుడ్లు, పాలు, దెబ్బ తగిలిన గుమ్మడి. ఇక్కడ ధర అంగడి ధరను పట్టించుకోదు. మొక్కు తీరిన ఇంటివాళ్ళు ఒక సొరకాయను పదింతలకు పాడుకుంటారు. నిలవుండే బెల్లం, రాగులు, కందులు వేలానికి పెడితే అంత పలకవు. కొనుక్కోవాల్సిన అవసరం సంఘానికే ఉంటే వాటిని ఉంచుకోవడమే మేలు.

అయ్యగారింటివాళ్ళు పాట పాడకూడదు. వాళ్ళు ఒక మాట అన్నాక ఎదురు పాడడానికి ఎవరికీ నోరు రాదు, సరుకు అడ్డగోలు చవగ్గా పోతుంది. డబ్బు కూడా వాళ్ళ చేతికి రాకూడదు. ఇద్దరు పెద్దలు లెక్కపెట్టి అక్కడికక్కడే సంతకం పెట్టాలి. అప్పు పాటలు ఎటూ ఉంటాయి, పేరూ మొత్తమూ ఇస్తానన్న రోజూ రాసుకోవాలి. బాకీ పేర్లు గుడిలో చదివే అలవాటు కొన్ని ఊళ్ళలో ఉంది. దానివల్ల డబ్బు రాదు, ఆ ఇంటి మనుషులు గుడికి రావడం మానేస్తారు. పెద్దలు ఇంటికెళ్ళి అడగడమే పద్ధతి.

ఆ రాత్రి పని

మొదట కోళ్ళ కట్లు విప్పి నీళ్ళు పెట్టండి. తర్వాత ప్రతి మూట మూతి విప్పి చెయ్యి మోచేతి దాకా లోపలికి దించండి. లోపల వెచ్చగా తగిలితే తేమ ఉన్నట్టే, ఆ మూటను తెల్లారేదాకా ఉంచకుండా అప్పుడే వరండాలో పరిచెయ్యాలి. చల్లగా ఉన్నవాటిని పొద్దున చూసుకోవచ్చు. టమాటాలు పెట్టెలోంచి తీసి ఒక్క వరసలో పేర్చాలి. పెట్టె అడుగున ఒకటి చితికితే రెండు రోజుల్లో సగం పెట్టె నీరైపోతుంది. బెల్లం నేల మీద ఉండకూడదు.

వేర్వేరు ఇళ్ళ సరుకు ఆ రాత్రి కలపకండి, చోటు లేకపోయినా సరే. ఒక ఇంటి కందుల్లో పురుగుంటే అది అందరి కందుల్లోకి పాకుతుంది. పరీక్ష చూసి, ఎండబెట్టి, జల్లించాకే ఒకచోట పొయ్యాలి.

వేరుశనగ

ఎక్కువ నష్టం దీనితోనే. ఖరీఫ్ కాయను అక్టోబరు, నవంబరులో పెరుకుతారు. మన వైపు ఈశాన్య రుతుపవనాల వాన పట్టేదీ అప్పుడే. అందుకే గుడికి వచ్చే కాయ తరచుగా అరకొరగా ఎండినదే అయివుంటుంది. పెరికినప్పుడు కాయలో తేమ 35 నుంచి 40 శాతం ఉంటుంది. నిలవ పెట్టాలంటే 8 శాతానికి దిగాలి. తేమ కొలిచే మిషను ఇంట్లో ఉండదు కదా, మూడు గుర్తులతో సరిపెట్టుకోవచ్చు. కాయను చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనాలి. గింజను వేళ్ళ మధ్య నలిపితే ఎర్రపొర ఊడి రావాలి. విరిస్తే టక్కున విరగాలి. వంగితే ఇంకా పచ్చే. పైన నాలుగు కాయలు చూసి సరే అనుకోకుండా మూట పైనా నడుమా అడుగునా తలా ఒక పిడికెడు తీసి చూడండి.

ఎండబెట్టేటప్పుడు రెండంగుళాల మందం దాటకూడదు. రెండు మూడు గంటలకోసారి కాలితో దున్నినట్టు తిప్పాలి, సాయంత్రం కుప్ప చేసి గోనె కప్పాలి. మంచి ఎండైతే నాలుగు నుంచి ఆరు రోజులు పడుతుంది. ముసురు పట్టిన రోజుల్లో వరండాలో పలచగా పోసి ఫ్యాను పెట్టండి. వాన జల్లుకు కంగారుపడి పచ్చి కాయ మీద ప్లాస్టిక్ పట్ట బిగించి వదిలేయడం అన్నిటికన్నా చెడ్డ పని. లోపల ఆవిరి పట్టి ఒక్క రాత్రిలో బూజుకు దారి దొరుకుతుంది. వాన ఆగగానే పట్ట తీసెయ్యాలి.

బూజు సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. గింజ మీద పసుపుపచ్చ, ఆకుపచ్చ పొడిలా కనిపించే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేయిస్తే పోదు, ఉడికిస్తే పోదు. అలాంటి గింజను గానుగకు పంపితే నూనె తీశాక మిగిలే చెక్కలోకి వస్తుంది, ఆ చెక్క ఆవు తింటే పాలలోకీ వస్తుంది. కోళ్ళకు వేద్దామనీ అనుకోవద్దు, కోడిపిల్లలకు ఇంకా ప్రమాదం. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బొక్కపడినవి, నోట్లో వేసుకుంటే చేదు తగిలేవి ఏరి పాతిపెట్టాలి. ఏరడానికి స్త్రీల సమాజం నుంచి నలుగురు వచ్చి కూర్చుంటే ఒక పూటలో రెండు మూటలు తేలిపోతాయి. ఏరేవాళ్ళకు ముందే చూపించండి, లేకపోతే "అయ్యో, బాగానే ఉంది కదక్కా" అని సగం వెనక్కి వేస్తారు.

నిలవ కాయగానే పెట్టండి, పప్పుగా వద్దు. పెంకు ఉన్నన్నాళ్ళు గింజకు గాలీ పురుగూ తొందరగా తగలవు. ఎరువుల బస్తాలు వాడకూడదు, గోనె సంచులే వాడాలి. కింద చెక్కలు వేసి నేలకు అరడుగు ఎత్తులో, గోడకు అడుగు దూరంలో పేర్చాలి. సులువుగా వలవడానికి కాయ మీద నీళ్ళు చిలకరించే అలవాటు చాలా ఊళ్ళలో ఉంది. ఆ పూటకు తినేదైతే పరవాలేదు, దాచేదానికి మాత్రం అది చేటు.

100 కిలోల మంచి కాయ వలిస్తే 65 నుంచి 70 కిలోల పప్పు వస్తుంది. చెక్క గానుగలో రెండున్నర కిలోల పప్పుకు లీటరుకు అటూ ఇటూ నూనె. గానుగ నుంచి వచ్చిన నూనెను మూడు రోజులు కదపకుండా ఉంచి, పైది తేర్చి, గుడ్డలో వడకట్టి స్టీలు డబ్బాలో పొయ్యాలి. అడుగున మిగిలిన మడ్డిని నూనెలోనే వదిలేస్తే నెల తిరిగేసరికి ముక్క వాసన వస్తుంది. మొత్తం ఒకేసారి ఆడించొద్దు. రెండు నెలలకు సరిపడా ఆడించి మిగతాది కాయగా ఉంచడమే మంచిది.

ఒక మూట మాత్రం ముట్టుకోకండి. జూన్‌లో వాన పడగానే సంఘంలోనే ఎవరో ఒకరు విత్తనం లేదని వస్తారు. బాగా ఎండిన కాయ అప్పటికి మొలుస్తుంది.

పిడికెడు బియ్యం

ఇది పండుగతో పనిలేకుండా ఏడాదంతా వచ్చేది. అన్నం వండేముందు ప్రతి ఇంట్లో ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు, నిండాక గుడికి తెస్తారు. ముప్పై ఇళ్ళ బియ్యం ఒక సంచిలో పడితే అది ఏ రకమూ కాదు. పాత సోనామసూరి, మొన్న ఆడించిన కొత్త బియ్యం, రేషను బియ్యం, నూకలు, అన్నీ అందులోనే. నేరుగా కుక్కరులో పెడితే సగం ముద్దవుతుంది, సగం పలుకుగా ఉంటుంది. కొత్తగా వచ్చిన అమ్మగార్లు తమ వంట చెయ్యే చెడిందనుకుంటారు.

రేషను బియ్యంలో అక్కడక్కడ కాస్త తేడాగా గింజలు కనిపిస్తే అవి పోషకాలు కలిపి చేసినవి, సుమారు వంద గింజలకు ఒకటి చొప్పున కలిపినవి. ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేయనక్కర్లేదు.

ఈ కలగలుపు బియ్యాన్ని అన్నానికే వాడాలంటే 40 నిమిషాలు నానబెట్టండి. పాతదీ కొత్తదీ కొంత ఒక దారికి వస్తాయి. తర్వాత ఎసరు ఎక్కువ పెట్టి వండి గంజి వార్చాలి. అంతకన్నా తెలివైన పని ఏమిటంటే దీన్ని అన్నానికి వాడకుండా ఉండటం. దోసె పిండికి, పొంగలికి, రాగి సంగటికి ఈ బియ్యం చక్కగా సరిపోతుంది. మెత్తబడటమో నలగటమో జరిగే చోట గింజ తేడా తెలియదు. కడిగి నీడన ఆరబెట్టి పిండి పట్టించి ఉంచుకుంటే క్రిస్మసుకు మురుకులకూ అదే. అన్నానికి మాత్రం ఒకే ఇంటి నుంచి మూటగా వచ్చిన బియ్యాన్ని వేరుగా దాచుకోండి.

పురుగు కనిపిస్తే జల్లించి నీడలోనే ఆరబెట్టాలి. నడి ఎండలో పోస్తే గింజ పగిలి నూకవుతుంది. వడ్లు వచ్చాయంటే అదృష్టం. వాటిని ఆడించకుండా వడ్లుగానే ఉంచి, నెలకు కావలసినంత మిల్లుకు పంపితే బియ్యానికి పురుగు బాధే ఉండదు.

రాగులు, కందులు, బెల్లం, చింతపండు

రాగులతో బెంగ లేదు. బాగా ఎండితే ఏళ్ళ తరబడి ఉంటాయి. పిండి మాత్రం రెండు మూడు వారాలకు మించి పట్టించి ఉంచొద్దు, చేదెక్కుతుంది.

కందుల మీద చిన్న తెల్లటి చుక్కలు అంటుకుని ఉంటే అవి పురుగు గుడ్లు. లోపలికి పోయిన పురుగు నెలకల్లా గుండ్రటి రంధ్రం చేసుకుని బయటికొస్తుంది. చుక్కలున్న మూటను నిలవకు పెట్టకుండా ముందు దాన్నే పప్పు చేయించండి. శుభ్రమైన కందులకు ఎర్రమన్ను పట్టించడం మన వైపు పాత పద్ధతి. మెత్తటి ఎర్రమన్ను నీళ్ళలో జారుగా కలిపి, కందులకు పట్టించి, గట్టిగా ఎండబెట్టి కుండలో పోస్తారు. పప్పు చేశాక అయితే కిలోకు ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల వేరుశనగ నూనె రాసి పెడితే పురుగు గుడ్డు పెట్టినా నిలవదు.

ధాన్యంలో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీలు కొన్ని ఎరువుల అంగళ్ళలో అడిగితే ఇచ్చేస్తారు. మనుషులు పడుకునే ఇంట్లో వాటిని వాడకూడదు. దాంట్లోంచి వచ్చే గాలి ప్రాణం తీస్తుంది, పక్క గదిలో ఉన్నవాళ్ళనైనా సరే. అవి పెట్టిన మూట అని అనుమానమొస్తే బయట పెట్టించండి, పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి.

బెల్లం వానాకాలంలో చెమట పడుతుంది. చిత్తూరు బెల్లం డిసెంబరు నుంచి గానుగాడుతారు కాబట్టి కోత పండుగ ఆలస్యంగా చేసుకునే ఊళ్ళకే కొత్త బెల్లం వస్తుంది. దిమ్మెను పగలగొట్టకండి, పగిలిన ప్రతి ముఖం తేమ పీలుస్తుంది. కాగితంలో చుట్టి మూత గట్టిగా పట్టే కుండలోనో స్టీలు డబ్బాలోనో పెట్టి, చుట్టూ సందుల్లో పొడి వరిపొట్టు నింపండి. ఉప్పు జాడీ పక్కన పెట్టొద్దు. అప్పటికే కరగడం మొదలైన దిమ్మెతో పోరాడటం దండగ, దాన్ని పాకం పట్టి వేరుశనగ ఉండలు చేసి ఆదివారపు బడి పిల్లలకు పంచెయ్యండి.

చింతపండు ఫిబ్రవరి తర్వాత వస్తుంది, తరచుగా కాయగానే. రెండు రోజులు ఎండబెట్టి, పెంకు కొట్టి, ఈనెలు లాగి, గింజ తీస్తే కాయ తూకంలో దాదాపు సగం పండు మిగులుతుంది. కిలోకు 50 నుంచి 100 గ్రాముల కల్లుప్పు పొరలు పొరలుగా చల్లి, జాడీలో గాలి లేకుండా అదిమి పెట్టాలి. అల్యూమినియం గిన్నెలో పెడితే పులుపు గిన్నెను తింటుంది. నల్లబడటం వయసు గుర్తే, పాడైనట్టు కాదు. తెల్లబూజు వస్తే తడి చెయ్యి పెట్టారని అర్థం.

టమాటా ధర పడిపోయిన వారం మదనపల్లె వైపు పల్లెల్లో పెట్టెలకు పెట్టెలు వచ్చి పడతాయి. చక్రాలుగా తరిగి ఉప్పు చల్లి మూడు నాలుగు ఎండలు పెడితే ఒరుగులవుతాయి. తొక్కు పెట్టడానికి నూనె ఖర్చవుతుంది, ఒరుగుకు ఏ ఖర్చూ లేదు. పచ్చి మామిడి రాలితే అదే పద్ధతి, కాస్త పసుపు కలిపి.

కోళ్ళు

వచ్చిన కోళ్ళను ఇంటి కోళ్ళతో ఆరోజే కలిపితే మొత్తం గూడు ఖాళీ అయ్యే ప్రమాదముంది. కొక్కెర తెగులు, అదే రాణీఖేత్, పైకి కనపడకుండానే వస్తుంది. కొత్త కోళ్ళను 14 రోజులు వేరే గంప కింద, వేరే నీళ్ళ చిప్పతో ఉంచాలి. మేత ముందు ఇంటి కోళ్ళకు వేసి, ఆ తర్వాతే వీటి దగ్గరకు వెళ్ళాలి. వెనక్కి తిరిగితే కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి. మెడ వంకరపోవడం, పచ్చటి విరేచనం, నోరు తెరిచి ఊపిరి తీయడం కనిపిస్తే ఆ కోడి కోసుకు తినడానికి కూడా పనికిరాదు, దూరంగా పాతిపెట్టాలి. ఎనిమిది వారాలు దాటిన పిల్లలకు పశువుల ఆసుపత్రిలో ఆర్2బీ టీకా వేస్తారు. ఇంటి కోళ్ళకు అది ముందే వేయించి ఉంచితే పండుగ వచ్చినా గుండె దడ ఉండదు. జబ్బు కనబడిన కోడికి మాత్రం టీకా వేయించొద్దు.

అమెరికా పల్లె పాస్టర్లు ఏం చేసేవారు

మన వైపు పాత సంఘాల్లో చాలావాటికి మూలం అమెరికా మిషనరీలైన స్కడర్ సోదరులు 1853లో మొదలుపెట్టిన అమెరికన్ ఆర్కాటు మిషను. చిత్తూరు అప్పట్లో ఉత్తర ఆర్కాటులో భాగం, 1911లో వేరే జిల్లా అయింది. మిషను మొదలైన ఆ రోజుల్లోనే అమెరికా పల్లెల్లో పాస్టరు ఇంటి సంగతి మన ఇళ్ళకు చాలా దగ్గరగా ఉండేది. జీతం తక్కువ, అదీ ఆలస్యం. లోటును కట్టెలు, గుర్రానికి గడ్డి, పంది మాంసం, బంగాళాదుంపలు పూడ్చేవి. సంఘమంతా తలా ఒక పౌను పిండో చక్కెరో వెన్నో పట్టుకుని ఒకే సాయంత్రం ఇంటి మీదికి రావడం అక్కడ వాడుక. వచ్చినవాళ్ళందరికీ భోజనం పెట్టాలి కాబట్టి తెచ్చినదాంట్లో కొంత ఆ రాత్రే హరించుకుపోయేది. పట్నాల స్త్రీల సమాజాలు మారుమూల పాస్టర్లకు పాత బట్టలు పీపాల్లో పంపేవి. అందుకోసం ఇంట్లో ఒక్కొక్కరి వయసూ కొలతలూ ఉత్తరంలో రాసి పంపాలి. బట్టలివ్వడానికి ముందుకొచ్చేవాళ్ళు ఇక్కడా ఉంటారు. పిల్లల కొలతలు ముందే ఒక చీటీ మీద రాసి ఉంచుకోవడం సిగ్గుపడాల్సిన పనేమీ కాదు.

వాళ్ళ నిలవ పద్ధతుల్లో మనకు పనికొచ్చేది ఒకటుంది, పనికిరానిది ఒకటుంది. నేలమాళిగలో ఆపిళ్ళను బంగాళాదుంపలకు దూరంగా పెట్టేవారు, ఆపిల్ నుంచి వచ్చే గాలి దుంపను పాడుచేస్తుందని. మన ఇంట్లో మాగే మామిడిపండ్లకూ అరటిపండ్లకూ ఇదే లెక్క, కూరగాయల గంప పక్కన ఉంచితే కూరలు తొందరగా వాడిపోతాయి. పనికిరానిది సీసాల పద్ధతి. 1858లో మేసన్ అనే అమెరికన్ పేటెంటు తీసుకున్న మరమూత గాజు సీసాల్లో వాళ్ళు పండ్లూ కూరలూ మాంసమూ వండి మూతపెట్టి నిలవ చేసేవారు. ఇప్పుడు వీడియోలు చూసి బీన్సునూ చికెన్‌నూ అలా పెట్టాలనుకునేవాళ్ళు పెరిగారు. పులుపు లేని పదార్థంలో బాటులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే సూక్ష్మజీవుల బీజాలు మరిగే నీళ్ళకు చావవు. ఆవిరి ఒత్తిడితో 116 నుంచి 121 డిగ్రీల వేడి, అదీ కొలిచిన సమయం పాటు తగలాలి. మన వంటింటి కుక్కరు ఆ పనికి చేసింది కాదు. ఎండ ఇంత ధారాళంగా ఉన్న ఊళ్ళో ఒరుగులూ ఊరగాయలూ ఉండగా ఆ జోలికి పోనవసరం లేదు.

శనివారం నుంచి సోమవారం

ఆ అమెరికా ఇళ్ళలో సోమవారం ఉతుకు, మంగళవారం ఇస్త్రీ, శనివారం రొట్టెలు అని వారానికి ఒక కట్టడి ఉండేది. ఆదివారం పొయ్యి దగ్గర పని తక్కువ ఉండాలన్నది దాని ఉద్దేశం. పల్లె పాస్టరు ఇంటికి ఇప్పటికీ సరిపోయే కట్టడి అది. ఆరాధన అయ్యాక దూరపు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళలో అయిదారుగురు తినకుండా పోరు. ఎందరన్నది ముందు తెలియదు. అన్నమైతే కిలో బియ్యం పొలం పనిచేసే మనుషులు ఆరేడుగురికి వస్తుంది. చివరి నిమిషంలో మనుషులు పెరిగితే సంగటే ఆదుకుంటుంది.

అయిదుగురికి సంగటి అంటే ఒక గ్లాసు బియ్యం, రెండు గ్లాసుల రాగిపిండి, ఆరు గ్లాసుల నీళ్ళు. బియ్యం శనివారం రాత్రే నానబెట్టి పెట్టండి. ఉప్పేసి మెత్తగా ఉడికాక, నీళ్ళు ఇంకా తేలుతుండగానే పిండి కుప్పగా మధ్యలో పొయ్యాలి. కలపకూడదు. కట్టెతో కుప్పలో ఒకటి రెండు బొక్కలు పొడిచి, మూతపెట్టి, సన్నటి సెగ మీద పది నిమిషాలు వదిలెయ్యాలి. ఆ బొక్కల్లోంచి గంజి పైకి ఎగదన్ని పిండిని ఉడికిస్తుంది. దించి, కాళ్ళతో గిన్నెను బిగబట్టి, తెడ్డుతో గట్టిగా గెలకాలి. పిండి పోయగానే కలిపితే ఉండలు కడుతుంది, ఉండ లోపల పచ్చిపిండి మిగులుతుంది, తిన్నవాళ్ళకు కడుపునొప్పి. తడి చేత్తో ముద్ద చేసినప్పుడు వేళ్ళకు అంటకపోతే ఉడికినట్టు. పక్కన వేరుశనగ చట్నీ, పప్పుచారు ఉంటే ఎవరూ ఇంకేం అడగరు.

సోమవారం ఉతుకులో గుడి బల్ల మీది గుడ్డలు వేరు. ప్రభురాత్రి భోజనంలో ద్రాక్షరసం ఒలికిన గుడ్డకు ముందు సబ్బు పెట్టొద్దు, సబ్బు తగలగానే మరక నీలంగా మారి పట్టుకుంటుంది. ఆదివారమే చన్నీళ్ళలో జాడించి నిమ్మరసం పిండి పెట్టాలి. మర్నాడు గిన్నె మీద గుడ్డను బిగించి పట్టి, మరక మీద మరిగే నీళ్ళు ఎత్తు నుంచి పోస్తే చాలావరకు పోతుంది. అప్పుడు సబ్బు.

బదిలీ వచ్చినప్పుడు

బదిలీ మాట వినగానే గుడి పుస్తకం తీసి మిగిలిన సరుకంతా పెద్దల ముందు తూచి, కింద ఇద్దరి సంతకాలు తీసుకోండి. సంఘం మూటలు అక్కడే వదిలి, తాళం ఎవరికిచ్చారో అదీ రాయండి. ఇంటి సరుకులో నూనె, చింతపండు, పప్పు తీసుకుపోవచ్చు. విత్తనపు మూట ఊళ్ళోనే ఉండనివ్వాలి, కొత్త ఊరి నేలకు ఆ రకం సరిపోతుందో లేదో. వేరుశనగ కాయ ఎక్కువుంటే లారీ బాడుగ కన్నా అమ్మేయడమే లాభం. కోళ్ళను తీసుకెళ్ళాలంటే లారీ వచ్చే ముందు రాత్రి, గూట్లో చేరాక పట్టి గంపకింద వెయ్యండి. తెల్లవారాక పట్టబోతే ఊరంతా పరుగులు పెట్టిస్తాయి.